పారే నీళ్ళు ఊరికి, నిలవ నీళ్ళు వాడకా?

"అయ్యన్నీ సరేగానీ అన్నా, మూడో నాడు పట్టిన నీళ్ళు పిల్లోడికి పోయొచ్చా?"

పోయిన వానాకాలం మేము తిరిగిన ప్రతి మాలపల్లెలో, ప్రతి మాదిగ గూడెంలో ఈ ప్రశ్న ఎదురైంది. మీటింగు అసైన్డు భూమి మీద పెట్టినా, కూలిరేట్ల మీద పెట్టినా, శ్మశానం దారి మీద పెట్టినా, చివర్లో ఎవరో ఒక అక్క లేచి ఇదే అడిగింది. మొదట్లో మేము పెద్దగా పట్టించుకోలేదు. "అది నర్సమ్మని అడగాలమ్మా, ఇది ఉద్యమ మీటింగు" అని నవ్వి ఊరుకున్నాం.

అది మా తప్పు. ఆ తప్పు మాకు ఎట్లా తెలిసొచ్చిందో చెప్పాలి. ఒక గూడెంలో మీటింగు పెట్టుకుంటే పదిమంది కూడా రాలేదు. ఏందని ఇల్లిల్లూ తిరిగితే, ఇంటికొకరు చొప్పున వాంతులు, విరోచనాలతో పడున్నారు. ఉన్నవాళ్ళు వాళ్ళని మోసుకుని ఆర్‌ఎంపీ దగ్గరికో పెద్దాసుపత్రికో పోయారు. ఆ గూడానికి నాలుగు రోజులకొకసారి నీళ్ళొస్తాయి. నాలుగు రోజుల నీళ్ళు మూతల్లేని డ్రమ్ముల్లో, గాబుల్లో ఉన్నాయి. అక్కడ మేము ఏ హక్కు గురించి ఉపన్యాసం చెప్పాలి? మనిషి లేచి నిలబడితే కదా హక్కు అడిగేది!

అందుకే ఈసారి మా మాట నీళ్ళ మీద. నిలవ నీళ్ళ మీద.

ఎవరింట్లో నిలవుంటాయి నీళ్ళు?

పట్నంలో కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఇంట్లో ఈ ప్రశ్నే పుట్టదు. ఊరి పెద్దలకి మిద్దె మీద ట్యాంకుంది, కింద సంపుంది, పెరట్లో బోరుంది, తాగేందుకు యంత్రం పెట్టి వడగట్టిన నీళ్ళున్నాయి. నీళ్ళు దాచుకోవాల్సిన అగత్యం ఎవరికి? ఎప్పుడొస్తాయో తెలియనివాళ్ళకి, వచ్చినా ఎంతసేపొస్తాయో తెలియనివాళ్ళకి.

పైపులైను ఎట్లా పోతుందో ఒకసారి మీ ఊళ్ళో నడిచి చూడండి. ట్యాంకు ఊరి నడిమధ్యన ఉంటుంది. లైను మొదట పెద్దల బజారు దాటుతుంది, తర్వాత మిగతా కులాల బజార్లు దాటుతుంది, ఆఖరికి వాడకొస్తుంది. దారి పొడుగునా కుళాయిలకి మోటార్లు బిగించి లాగేస్తారు. వాడ దాకా వచ్చేసరికి ధార సన్నబడిపోతుంది. ఆ సన్నధార బిందెలోకి ఎక్కదు కాబట్టి మనవాళ్ళు కుళాయి కాడ గుంట తవ్వి, పైపు కిందికి కోసి, గుంటలో బిందె పెట్టి పట్టుకుంటారు. ఆ గుంటలోకే సైడు కాలవ మురుగు దిగుతుంది. నీళ్ళు ఆగిపోయాక పైపు ఖాళీ అవుతుంది, ఖాళీ పైపు గాలిని లాగినట్టే గుంటలో మురుగునూ లాక్కుంటుంది. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు మొట్టమొదట మన బిందెలో పడేది ఆ మురుగే.

ఇది ఇంజనీర్లకి తెలియని రహస్యం కాదు. రోజంతా వత్తిడితో నీళ్ళుండే పైపులోకి మురుగు దూరదు, వస్తూ పోతూ ఉండే పైపులోకి దూరుతుందని వాళ్ళ పుస్తకాల్లోనే ఉంది. తెలిసీ వాడని లైనుకు ఆఖర్న పెట్టారు. తర్వాత జబ్బులొస్తే ఆఫీసరు జీపు దిగి "మీరు శుభ్రంగా ఉండరయ్యా" అని పాఠం చెబుతాడు. శుభ్రంగా ఉండటానికి నీళ్ళు ఇవ్వనోడే శుభ్రత గురించి మాట్లాడటం! జల జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించినప్పుడు మనిషికి రోజుకి 55 లీటర్లు అన్నారు. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. మీ ఇంటికి నిన్న ఎన్ని బిందెలొచ్చాయో లెక్కేసుకోండి. ఇంట్లో కుళాయి ఉన్నంత మాత్రాన నీళ్ళున్నట్టు కాదు.

నీళ్ళ కాడే మొదలైంది మన చరిత్ర

నీళ్ళు చిన్న సంగతి అనుకునేవాళ్ళకి ఒక మాట గుర్తు చేయాలి. బాబాసాహెబ్ అంబేద్కర్ చిన్నప్పుడు బడిలో కుళాయి తాకడానికి వీల్లేదు. ప్యూను వచ్చి తిప్పితేనే దాహం తీరేది, ప్యూను రాకపోతే ఎండిన గొంతుతో ఇంటికి పోవడమే. అట్లాంటి పిల్లవాడు పెరిగి పెద్దయి 1927 మార్చి 20న వేలమందిని వెంటబెట్టుకుని మహాడ్‌లో చౌదార్ చెరువు నీళ్ళు దోసిట్లో తీసుకుని తాగాడు. అప్పటికే బొంబాయి కౌన్సిలు 1923లో తీర్మానం చేసింది, మహాడ్ మునిసిపాలిటీ 1924లో చెరువు అందరిదీ అంది. కాగితం మీద హక్కు వచ్చింది, గొంతులోకి చుక్క రాలేదు.

మనవాళ్ళు తాగాక అగ్రకులాలు ఏం చేశాయి? చెరువు మైలపడిందని 108 కుండల్లో ఆవుపేడ, ఆవు పంచితం, పాలు, పెరుగు కలిపి చెరువులో పోసి 'శుద్ధి' చేశాయి. మనిషి దోసిలి పెడితే పాడైన నీళ్ళు పేడ పోస్తే బాగయ్యాయట! నీళ్ళ గురించి కులానికి ఎంత తెలుసో ఈ ఒక్క సంగతి చాలు. ఆ చెరువు మీద కేసు బొంబాయి హైకోర్టులో 1937లో గానీ తేలలేదు. బాబాసాహెబే గెలిచాడు.

మన కారంచేడు మాత్రం? 1985 జూలై 16న, మాదిగలు తాగే చెరువు కాడ మురికినీళ్ళు చెరువులోకి పోతున్నాయని మనవాళ్ళు అడ్డుచెప్పారు. "తాగే నీళ్ళు పాడుచేయొద్దు" అన్న మాటకి కొరడా లేచింది. మున్నంగి సువార్తమ్మ చేతిలో ఉన్న నీళ్ళబిందె ఎత్తింది. తెల్లారి జూలై 17న గూడెం మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళని చెరిచారు. చీరాల శిబిరం నుంచి ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. సువార్తమ్మ ఎత్తిన బిందెని మనం ఆత్మగౌరవానికి గుర్తుగా చెప్పుకుంటాం. నిజమే. కానీ ఆమె ఆ రోజు అక్కడికి పోయింది మంచినీళ్ళ కోసం. తాగేనీళ్ళు శుభ్రంగా ఉండాలనే మాటే ఆ పోరాటానికి మొదటి మాట. ఆత్మగౌరవం, ఆరోగ్యం అప్పుడు రెండు కాలేదు. ఇప్పుడెందుకు విడదీస్తున్నాం?

మైల వేరు, మురికి వేరు

ఇక్కడ ఒక చిక్కుంది. అది దాచకుండా మాట్లాడుకోవాలి.

నీళ్ళ కుండలో చెయ్యి పెట్టొద్దు అని డాక్టర్లు చెబుతారు. ఆ మాట వినగానే మన ముసలోళ్ళకి ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. "మా చెయ్యి తగిలితే కుండ పాడైద్దని ఊళ్ళో కామందులు అనేవాళ్ళు. దోసిలి పట్టించి పైనుంచి పోసేవాళ్ళు. ఇప్పుడు నువ్వూ అదే చెబుతున్నావా బాబూ?" అని ఒక పెద్దమ్మ మమ్మల్ని నిలదీసింది. మేము ఒక్క నిమిషం నోరెత్తలేకపోయాం. హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్ళం. 2022లో కూడా రాజస్థాన్‌లో జాలోర్ జిల్లాలో ఒక దళిత బడిపిల్లవాడు పంతులు దెబ్బలకి చనిపోతే, నీళ్ళకుండ ముట్టుకున్నందుకే కొట్టాడని ఆ కుటుంబం మొత్తుకుంది. అట్లాంటి దేశంలో కుండలో చెయ్యి పెట్టొద్దనే మాట ఎంత గుచ్చుకుంటుందో మాకు తెలుసు.

మేము ఆ పెద్దమ్మకి చెప్పిందే ఇక్కడ చెబుతున్నాం. మైల వేరు, మురికి వేరు. మైల పుట్టుకతో అంటగట్టింది, ఎంత కడిగినా పోదంటారు, అది అబద్ధం. మురికి అందరి చేతికీ అంటుతుంది, సబ్బుతో కడిగితే పోతుంది, ఇది నిజం. దొడ్డికి పోయొచ్చిన చెయ్యి బ్రాహ్మడిదైనా, మాదిగదైనా, కలెక్టరుదైనా ఒకటే. కడగని ఆ చెయ్యి కుండలో పెడితే పురుగు దిగుతుంది. పురుగు కులం అడగదు. కులం మాత్రం చెయ్యి ఎవరిదని అడుగుతుంది, కడిగావా అని అడగదు. సైన్సు కడిగావా అని అడుగుతుంది, ఎవరిదని అడగదు. ఈ తేడా తెలిసినోడు కుండకి మూత పెట్టినందుకు సిగ్గుపడక్కర్లేదు. మన ఇంట్లో మన పిల్లల కోసం మన కుండకి మనం పెట్టుకునే మూత అది. ఎవడో మనల్ని దూరం పెట్టడానికి పెట్టిన మూత కాదు.

రోజులతో కాదు, చేతులతో చెడతాయి

ఇప్పుడు ఆ అక్క అడిగిన ప్రశ్నకి వద్దాం. మూడో నాటి నీళ్ళు తాగొచ్చా?

నీళ్ళు అన్నం లాంటివి కావు. అన్నం తెల్లారేసరికి పులుస్తుంది. మంచి నీళ్ళు మంచి ఏనంలో మూతపెట్టి ఉంచితే రోజులు గడిచినంత మాత్రాన పాచిపోవు. అసలు కదలకుండా నిలవుంచితే మట్టి అడుక్కి దిగుతుంది, దాంతోపాటు కొన్ని పురుగులూ దిగుతాయి. ఒక రోజు ఊరికే ఉంచితేనే చాలా రకాల బాక్టీరియా సగానికి పైగా చచ్చిపోతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళు చెబుతారు. అయితే సగం చచ్చాయని నమ్ముకోవద్దు, మిగతా సగం చాలు మంచాన పడేయడానికి.

మరి నిలవ నీళ్ళతో జబ్బులెందుకు? మూడు కారణాలు.

ఒకటి, చెయ్యి. చెంబు, గ్లాసు పట్టుకుని ముంచినప్పుడల్లా వేళ్ళు నీళ్ళలో తగులుతాయి. పసిపిల్లలు చేతులు పెడతారు. కుళాయి కాడ మంచిగా ఉన్న నీళ్ళు ఇంటి కుండలో పాడవుతాయని ఎన్నో దేశాల్లో పరీక్షలు చేసి తేల్చారు. కలరా, టైఫాయిడ్, బంక విరోచనాలు, నీళ్ళ ద్వారా వచ్చే పచ్చకామెర్లు అన్నీ మలం నుంచి నోట్లోకి పోయే జబ్బులే. ఆ పచ్చకామెర్లలో ఒక రకం గర్భిణికి వస్తే ప్రాణం మీదికి తెస్తుంది.

రెండు, క్లోరిన్ పోవడం. ట్యాంకులో కలిపిన క్లోరిన్ నీళ్ళకి కాపలాదారు లాంటిది. చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలని మన దేశపు ప్రమాణం. అసలు వాడ దాకా అంత మిగిలి వస్తుందా అనేది ఒక ప్రశ్న. వచ్చినా మూతలేని డ్రమ్ములో ఎండ తగిలితే అది త్వరగా ఎగిరిపోతుంది. కాపలాదారు వెళ్ళిపోయాక దొంగ ఎప్పుడొచ్చినా అడ్డు లేదు. పట్టిన రోజున మంచిగా ఉన్న నీళ్ళు మూడో రోజుకి ముప్పు కావడంలో అసలు కిటుకు ఇదే.

మూడు, దోమ. డెంగ్యూ తెచ్చే దోమ మురుగు కాలవలో పుట్టదు. తేట నీళ్ళలో పుడుతుంది, మన డ్రమ్ములో, గాబులో, కూలరులో, పెరట్లో పడేసిన టైర్లో. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అది పగలే కుడుతుంది. దాని గుడ్లు డ్రమ్ము గోడకి అంటుకుని, నీళ్ళు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే నీళ్ళు ఒంపేస్తే చాలదు, గోడలు గట్టిగా రుద్ది కడగాలి. శుక్రవారం డ్రై డే అంటూ పంచాయితీ వాళ్ళు మైకులో చెప్పేది ఇందుకే. నాలుగు రోజులకోసారి నీళ్ళొచ్చే వాడలో ఉన్న నీళ్ళు పారబోయమంటే ఎవరు పోస్తారు? ముందు నీళ్ళు రానివ్వండి, అప్పుడు డ్రై డే చేస్తాం అని అడగాలి. అడుగుతూనే మూత బిగించాలి, నీళ్ళు అయిపోయిన రోజు డ్రమ్ము రుద్దాలి.

చెరువు నీళ్ళ సంగతి వేరే చెప్పాలి. డెల్టాలో వేసవికి కాలవలు కట్టేసే ముందు మంచినీళ్ళ చెరువు నింపుతారు. ఆ నీళ్ళే నెలల తరబడి నిలవుంటాయి. 1884లో రాబర్ట్ కాక్ అనే జర్మన్ డాక్టరు కలకత్తాలో జనం తాగే, బట్టలుతికే చెరువు నీళ్ళలోనే కలరా పురుగుని పట్టుకున్నాడు. చెరువుకి కంచె, గట్టు, వడపోత ఉండాలనేది అప్పట్నుంచీ తెలిసిన సంగతే. మన చెరువుల్లో మాత్రం ఇప్పటికీ గేదెలు దిగుతూనే ఉన్నాయి.

ఇంట్లో ఏం చేయాలి?

మేము తెలుసుకున్నంతలో, ఖర్చు తక్కువైనవి చెబుతున్నాం.

కుళాయి రాగానే వచ్చే మొదటి బిందె తాగడానికి పట్టొద్దు. అది ఏనాలకో, దొడ్డికో వాడండి. తాగే నీళ్ళ బిందె వేరు, వాడుక డ్రమ్ము వేరు పెట్టండి. తాగే బిందెకి మూతి సన్నంగా ఉండాలి, మూత ఉండాలి, నేల మీద కాకుండా ఎత్తున ఉండాలి. కుళాయి ఉన్న క్యాను దొరికితే అన్నిటికన్నా మేలు. లేకపోతే పొడుగు కాడ గరిటె ఒకటి బిందెకి పక్కనే వేలాడదీసి, దాంతోనే తీయాలి. బిందె వంచి పోసుకున్నా సరే, చెయ్యి మాత్రం లోపలికి పోకూడదు.

నీళ్ళు మట్టిగా ఉంటే ముందు తేటపరచాలి. మన పెద్దోళ్ళు చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్ళు, ఇప్పుడు పటిక తిప్పుతారు. రెండూ మట్టిని దించుతాయి, పురుగుని చంపవు. తేటగా కనబడ్డ నీళ్ళన్నీ మంచివి కావు. తేటపడ్డాక గుడ్డతో వడగట్టి క్లోరిన్ బిళ్ళ వేయాలి. బిళ్ళలు రకరకాల సైజుల్లో ఉంటాయి, ఎన్ని లీటర్లకి ఒకటో ప్యాకెట్టు మీద రాసుంటుంది, చదువుకున్న పిల్లలతో చదివించుకోండి. వేశాక అరగంట ఆగి తాగాలి. మట్టినీళ్ళలోనే వేస్తే క్లోరిన్‌ని మట్టే తినేస్తుంది, పురుగు అట్లాగే ఉంటుంది. కొద్దిగా వాసనొస్తే భయపడొద్దు, కాపలాదారు ఉన్నాడని దానర్థం.

కాచుకోగలిగితే కాచుకోండి. కుతకుత మరిగాక ఒక నిమిషం ఉంచితే చాలు. గ్యాసు బండ ధర తెలిసినవాళ్ళం, ఇంటిల్లిపాదికీ కాచమని చెప్పం. పసిపిల్లకి, బాలింతకి, గర్భిణికి, జబ్బు మనిషికి కాచండి. కాచిన నీళ్ళు కాచిన గిన్నెలోనే మూతపెట్టి చల్లార్చి, ఆ రోజే వాడుకోండి. కాచిన నీళ్ళలో కాపలా ఉండదు, చెయ్యి పడితే మళ్ళీ మొదటికొస్తుంది.

రాగి బిందెలో రాత్రంతా ఉంచితే పురుగులు చస్తాయనేది ఉత్త నమ్మకం కాదు, పరిశోధనల్లో తేలింది. కానీ రాగి బిందెలు మనకి వారసత్వంగా రాలేదు. మనకొచ్చింది మట్టికుండ. దాని మీద చిన్నచూపు వద్దు, మూతపెట్టి, మూడు నాలుగు రోజులకోసారి రుద్ది కడిగి ఎండబెడితే మట్టికుండా మంచిదే.

పురుగుమందుల డబ్బాలు, కెమికల్ వచ్చిన నీలం డ్రమ్ములు చవగ్గా అమ్ముతారు. ఎన్నిసార్లు కడిగినా వాటిల్లో తాగే నీళ్ళు పోయొద్దు. ఆ విషం కాచినా పోదు, క్లోరిన్‌కీ పోదు. ఫ్లోరైడు కూడా అంతే. నల్గొండ, ప్రకాశం జిల్లాలవాళ్ళకి ఈ మాట ఎవరూ చెప్పక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరైడు జబ్బును మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే. ఫ్లోరైడు నీళ్ళు నిలవుంచినా తగ్గదు, కాస్తే ఇంకా చిక్కబడుతుంది. దానికి వేరే నీళ్ళు తేవడమో, వడగట్టే యంత్రమో సర్కారు పెట్టాల్సిందే. ఇంట్లో మనం చేసే చిట్కాలకి లొంగేది కాదు.

విరోచనాలు పట్టుకుంటే ముందు పోయిన నీళ్ళు తిరిగి పోయాలి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో అంచుకి సమంగా 6 చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి గుక్కగుక్కగా పట్టండి. తల్లిపాలు ఆపొద్దు. పిల్లలకి 14 రోజులు జింకు బిళ్ళ వేయాలి, ఆశా కార్యకర్తని అడగండి. కళ్ళు లోపలికి పోయినా, ఒంటేలు ఆగినా, దొడ్డిలో నెత్తురు పడ్డా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి.

ఇదంతా ఆడోళ్ళ పనేనా?

మేము ఈ సంగతులు చెప్పేటప్పుడు మగవాళ్ళు అరుగు మీద కూర్చుని "అదిగో, వినండి, మీకే చెబుతున్నారు" అని ఆడవాళ్ళ వంక చూస్తారు. తెల్లారుజామున లేచి క్యూలో నిలబడేది ఆమె, నడుముకెత్తి మోసేది ఆమె, పిల్లోడికి జబ్బు చేస్తే కూలి పోగొట్టుకునేది ఆమె. ఇప్పుడు మూత, గరిటె, క్లోరిన్ బిళ్ళ కూడా ఆమె మెడకే చుట్టాలా? ఊరి పెద్ద మన మీద చేసే పెత్తనాన్ని ఎండగట్టే మనం, ఇంట్లో అదే పెత్తనం చేస్తే ఎట్లా? డ్రమ్ము రుద్దడానికి బలం కావాలి, అది మగాడు చేయాలి. యువజన సంఘం కుర్రాళ్ళు అంబేద్కర్ జయంతికి విగ్రహం కడుగుతారు, మంచిదే. ప్రతి శుక్రవారం వాడలో డ్రమ్ములు కూడా కడగండి. బాబాసాహెబ్‌కి ఆ పూజ ఎక్కువ నచ్చుతుంది.

పంచాయితీని ఏం అడగాలి?

ఇంటి జాగ్రత్త చెప్పి ఊరుకుంటే మేమూ ఆ జీపు దిగిన ఆఫీసరుతో సమానం అవుతాం. జబ్బుకి మూలం కుండలో కన్నా పైపులో ఎక్కువ ఉంది. కాబట్టి గ్రామసభలో లేచి, రాతమూలకంగా అడగండి.

వాడకి నీళ్ళు రోజూ ఎందుకు రావు? లైన్ల మీద మోటార్లు ఎందుకు పీకరు? వాడకి వేరే లైను గానీ, వాడలోనే ట్యాంకు గానీ ఎందుకు వేయరు? కుళాయి గుంటలు పూడ్చి ఎత్తు మీద కుళాయి ఎప్పుడు పెడతారు? ట్యాంకు ఆఖరుసారి ఎప్పుడు కడిగారు? కడిగిన తేదీ ట్యాంకు మీద రాసుందా? ట్యాంకు మూతకి తాళం ఉందా?

క్లోరిన్ ఉందో లేదో మనమే చూడొచ్చు. చిన్న సీసాలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే పచ్చరంగు తిరుగుతుంది. రంగు రాకపోతే క్లోరిన్ లేనట్టే. ఈ పరీక్ష ట్యాంకు కింద చేసి రాసుకుపోతారు. కాదు, వాడలో ఆఖరి కుళాయి కాడ చేయమని పట్టుబట్టండి. జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ పరీక్ష నేర్పాలని ఉంది. ఆ అయిదుగురిలో మన వాడ ఆడపిల్ల ఉందా? కిట్టు ఎవరింట్లో మూలన పడుంది?

బావి ఉన్న వాడలకి ఒక లెక్క. 1000 లీటర్ల నీళ్ళకి 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి కావాలి. బావి అడ్డం 2 మీటర్లు, నీళ్ళ లోతు 3 మీటర్లు అయితే సుమారు 9,400 లీటర్లు, అంటే 24 గ్రాముల పొడి. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట నీళ్ళు బావిలో పోసి, బొక్కెనతో బాగా కలియబెట్టి గంట ఆగాలి. మూత విప్పి పడేసిన పాత పొడికి బలం ఉండదు. పంచాయితీ గదిలో సంచి ఉందని చెబితే, ఎప్పటి సంచి అని అడగండి.

ట్యాంకు తాళం గురించి ఊరికే అనలేదు. తమిళనాడు పుదుక్కోట జిల్లా వేంగైవయల్‌లో దళితులు తాగే ఓవర్‌హెడ్ ట్యాంకులో మలం కలిపిన సంగతి 2022 డిసెంబరులో, పిల్లలకి జబ్బు చేశాక బయటపడింది. రెండేళ్ళు విచారించి 2025 జనవరిలో పోలీసులు ఆ వాడకే చెందిన ముగ్గురి మీద ఛార్జిషీటు వేశారు. ఆ వాడ జనమూ, దళిత సంఘాలూ దాన్ని ఒప్పుకోలేదు. నిలవ నీళ్ళకి కాపలా లేకపోతే ఏమవుతుందో, ఆ తర్వాత న్యాయం ఎట్లా నడుస్తుందో రెండూ అక్కడ చూశాం.

చట్టం మన వైపే ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువుల వాడకంలో కులవివక్ష కూడదంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1991లో సుప్రీం కోర్టు కాలుష్యం లేని నీళ్ళు జీవించే హక్కులో భాగమంది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం దళితులు, గిరిజనులు వాడుకునే నీళ్ళని పాడుచేయడం నేరం. వాడ చెరువులోకి, బావిలోకి, ట్యాంకులోకి కావాలని మురికి వదిలితే అది పోలీసు స్టేషన్‌కి పోవాల్సిన సంగతి. కుల పెద్దల మధ్య రాజీ చేసుకునే సంగతి కాదు.

నారికురుపు చెప్పిన పాఠం

"ఇవన్నీ అయ్యేవా?" అని పెదవి విరిచేవాళ్ళకి ఒక్క మాట. పాతతరం వాళ్ళకి నారికురుపు గుర్తుండే ఉంటుంది. కాలు పొంగి, పొక్కు పగిలి, మూరెడు పురుగు బయటికొచ్చేది. దిగుడు బావుల్లో, చెరువుల్లో నిలవ నీళ్ళు తాగినవాళ్ళకి వచ్చేది. కురుపు కాలితో ఎవరైనా ఆ నీళ్ళలో దిగితే పురుగు పిల్లలు నీళ్ళలో పడేవి, అవే తాగినవాళ్ళ కడుపులోకి పోయేవి. దానికి టీకా లేదు, మందు లేదు. మన రాష్ట్రంతో పాటు ఎన్నో రాష్ట్రాల్లో ఉండేది. నీళ్ళు గుడ్డతో వడగట్టుకుని, కురుపు కాలితో నీళ్ళలో దిగకుండా చూసి, బావులకి మందు వేసి, చేతిపంపులు వేసి దాన్ని లేకుండా చేశారు. దేశంలో ఆఖరి కేసు 1996లో రాజస్థాన్‌లో. 2000లో భారతదేశంలో నారికురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకుంది.

గుడ్డ పట్టింది జనం, పంపు వేసింది సర్కారు. రెండూ కలిస్తేనే పురుగు పోయింది. గుడ్డ ఒక్కటే చాలని ఆఫీసర్లు చెబితే నమ్మొద్దు. పంపు వచ్చేదాకా గుడ్డ అక్కర్లేదని మనలో ఎవరైనా చెబితే వాళ్ళనీ నమ్మొద్దు. పోరాటం గెలవడానికి ఏళ్ళు పడుతుంది, పసిబిడ్డ విరోచనం ఒక్క రాత్రి కూడా ఆగదు.

కాబట్టి ఆ అక్క ప్రశ్నకి మా జవాబు ఇది. మూడో నాటి నీళ్ళు పోయొచ్చు, మూత ఉంటే, చెయ్యి పడకపోతే, క్లోరిన్ బిళ్ళ వేసి ఉంటే. కానీ మూడు రోజులు నీళ్ళు దాచుకునే గతి నీకెందుకు పట్టిందో కూడా అడుగక్కా. ఈ పక్షంలోనే మీ వాడలో ఆఖరి కుళాయి కాడ నలుగురూ గుమిగూడి నీళ్ళు పరీక్ష చేయించండి, ఫలితం రాయించుకుని సంతకం పెట్టించుకోండి, గ్రామసభలో చదవండి. ఏమైందో మాకు ఉత్తరం రాయండి. అచ్చు వేస్తాం.

ఇంట్లో బిందెకి మూత పెడదాం. ఊళ్ళో నోటికి మాత్రం మూత పెట్టుకోవద్దు.

జై భీమ్!